మిగిలిపోయిన రేకుముక్క

సంపాదకులు ఈ సంవత్సరపు సంచికకు మమ్ము నొక వ్యాసము వ్రాయుమని కోరినపుడు, మేము ఆవిరియంత్రమును గూర్చియో విద్యుచ్ఛక్తిని గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. ఇరువదియా రేండ్లు ఈ పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవారినుండి అంతకంటె నేమి యాశింతురు? కాని మేము వ్రాయబూనినది మా తప్పిద మొకదానిని గూర్చి. అది 2013వ సంవత్సరము మే మాసములో జరిగినది. మా శిష్యులలో ననేకులు దాని నేదో యొక రూపమున వినియే యున్నారు. కొందరు దానికి కొమ్ములును తోకలును తగిలించి చెప్పుచున్నారని కూడ మాకు దెలియవచ్చినది. కావున జరిగినది జరిగినట్లు మేమే చెప్పుట మేలు.

మా అన్నగారు 2009లో కాలము చేసిరి. మా వీథిలోనే వారి పెంకుటిల్లు. ఆ యింటి ప్రక్కనున్న తాటాకుల పాకలో 1978వ సంవత్సరపు అంబాసిడరు కారు. ఈ కారును నేటి బాలురు చూచియుండకపోవచ్చును. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సు వారు 1950వ దశకము చివరినుండి 2014 వరకు, రూపమున పెద్ద మార్పు లేకయే, దీనిని తయారుచేసిరి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. అన్నగారి కారులోని పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. అదియు ఆ దేశపు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారు ‘బి’ శ్రేణియని పిలిచిన యింజనుయొక్క రూపమే. ముందరి మూత యెత్తి చూచితిమా, ఇంజను చుట్టును కావలసినంత చోటు. చేయి దూర్చుటకును పానా త్రిప్పుటకును ఇబ్బందియే లేదు. ఈ కడపటి సుగుణమే మమ్ము చెడగొట్టినది.

అన్నగారి కూతురు రాజమహేంద్రవరములో కాపురమున్నది. ఆ యేడు ఆమెకు ఏడవ నెల రాగా, పురిటికి తీసికొని రావలసి వచ్చెను. బస్సులో తెచ్చుటకు వదినగారు ఒప్పుకొనలేదు. అద్దెకారు మాట యెత్తితిమి. “మీ అన్నగారి బండి ఇంటిలో ఉండగా అద్దెబండి ఎందుకు, మరిదిగారూ?” అనిరి. నాలుగేండ్లనుండి పాకలో కోళ్లకు నీడ యిచ్చుచున్న ఆ బండిని ఏప్రిలులో మేము కదలించితిమి. కొత్త బ్యాటరీ పెట్టగానే అది పలికినది. ఆ సంతోషములో మేము రేడియేటరులో నీరున్నదో లేదో సరిగా చూడలేదు. రబ్బరు గొట్టము ఎండి పగిలియున్నది, నీరంతయు కారిపోయినది, మేము దానిని పాలకొల్లు దారిలో రెండు మైళ్లు అట్లే నడపితిమి. తిరిగి వచ్చునప్పటికి వెనుకనుండి తెల్లని పొగ. నూనె పోయు మూత విప్పి చూడగా దాని లోపల మజ్జిగమీద తేలిన వెన్నవంటి నురుగు. నూనెలో నీరు కలిసినదనుట కంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇంజను దిమ్మకును, దానిపై నుండు హెడ్డునకును నడుమ గ్యాస్కెట్టు అను పలుచని పేకింగు ఉండును. నాలుగు సిలిండర్లలోని మంటను, చుట్టును తిరుగు నీటిని, పైకెక్కి దిగు నూనెను ఒకదానితో నొకటి కలియనీయక వేరుచేసి యుంచుట దాని పని. నీరు లేక ఇంజను కాగినచో హెడ్డు వంగి, ఈ పేకింగు ఒకచోట దెబ్బతినును. హెడ్డు విప్పవలెను, లేతుపై దాని ముఖమును సమము చేయింపవలెను, కొత్త గ్యాస్కెట్టు వేసి మరల బిగింపవలెను. “మేస్త్రిని పిలువరాదా?” అని వదినగారు ఒకమారు కాదు, మూడుమారు లడిగిరి. ఇన్నేండ్లనుండి నల్లబల్లపై ఇంజను బొమ్మలు గీయుచున్న మాకు మేస్త్రి యెందుకని మా యూహ. ఇదియుగాక, అన్నగారు చెన్నపట్టణములో పాతపుస్తకముల అంగడిలో కొన్న ఆంగ్ల మరమ్మతు గ్రంథము మా వద్ద నుండెను. చివరి పుటలను చెదలు తినివేసినవి. తక్కినది బాగుగనే యున్నది.

విప్పుటలో మేము చూపిన జాగ్రత్తను చూచినవారు మెచ్చుకొనిరి. వాల్వులను నడపు పుష్‌రాడ్లు ఎనిమిది. అవి ఏ స్థానమునుండి తీసినవి ఆ స్థానమునకే పోవలెను. అట్ట ముక్కకు ఎనిమిది రంధ్రములు చేసి, సంఖ్యలు వేసి, వరుసగా గ్రుచ్చితిమి. నట్లను, వాషర్లను మాత్రము అన్నగారి పాత సత్తుపళ్లెములో కిరసనాయిలు పోసి అందులో వేసితిమి. పెద్దవానికి పీఠము వేసి, చిన్నవాండ్రను గుంపుగా నొకచోటికి తోసినట్లయినది. ఆ మాట అప్పుడు తోచలేదు.

హెడ్డును భీమవరము లేతునకు పంపి తెప్పించితిమి. దానిని బిగించుటకు మన తొమ్మిదవ తరగతి బాలు డొకని తండ్రి తన షెడ్డునుండి బిగువును కొలుచు పానాను ఎరువిచ్చెను. ఇక వాల్వుల సందులు సరిచేయుట. అందులో నొక సొగసైన లెక్క కలదు. బాలబాలికలు దీనిని గుర్తుంచుకొందురు గాక. వాల్వులకు ముందునుండి వెనుకకు ఒకటి మొదలు ఎనిమిది వరకు సంఖ్యలు. ఏ వాల్వు సందును కొలువదలతుమో దాని సంఖ్యను తొమ్మిదినుండి తీసివేసిన, వచ్చిన సంఖ్యగల వాల్వు పూర్తిగా తెరచియుండవలెను. ఎనిమిదవది తెరచినపుడు ఒకటవదానిని, ఆరవది తెరచినపుడు మూడవదానిని కొలువవలెను. ఈ ఇంజనులో మంట 1, 3, 4, 2 అను క్రమమున అంటుకొనుటవలన ఇట్లు కుదురును. ఈ లెక్కతో ఆ సాయంకాలము మాకు కలిగిన యానందము ఇంతయని చెప్పలేము. శనివారము ప్రొద్దు క్రుంకువేళకు పని ముగిసెను. తాళము త్రిప్పగా ఇంజను పలికెను. తెల్లని పొగ లేదు. మ్రోత సమముగా నున్నది. పాలకొల్లు దారిలోనే పోయి వచ్చితిమి. వదినగారు గుమ్మములో నిలిచి విని, కండ్లొత్తుకొని, “రేపు తెల్లవారుజామున బయలుదేరుదము” అనిరి.

అటుపిమ్మట పళ్లెము కడుగబోతిమి. కిరసనాయిలు పారబోయగా అడుగున జిడ్డు మడ్డిలో నొక రేకుముక్క అంటుకొని యుండెను.

బొటనవ్రేలి గోరుకంటె కొంచెము పెద్దది. ఉక్కురేకు. ఒకవైపు గుండ్రని రంధ్రము. రెండవవైపు కొన నాలుకవలె సాగి యున్నది. విరిగినది కాదు, పనిగట్టుకొని అట్లు కోసినదే. దానిని అరచేత నుంచుకొని మేము చాలసేపు కదలకుంటిమి.

మనుష్యుని మనస్సు అట్టి సమయమున చేయు పనులు చిత్రమైనవి. ఇది ఈ కారుది కాకపోవచ్చును, అన్నగారి పళ్లెములో ఎన్నడో పడియున్న పాతముక్క కావచ్చును అని మొదట తలచితిమి. మరల, ఇంజను చక్కగా నడచుచున్నది గనుక ఇది లేకున్నను నడచునని తేలినది గదా యని సమాధానపడబోతిమి. పరీక్షలో ఏ విద్యార్థియైన నిట్టి తర్కము వ్రాసినచో సున్న వేసియుందుము. టార్చిలైటు తీసికొని పోయి కార్బురేటరు వద్దను, డిస్ట్రిబ్యూటరు వద్దను, నీళ్ల పంపు వద్దను ఆ ముక్కను పెట్టి చూచితిమి. ఎక్కడను అది పొసగలేదు. ఎక్కడను ఖాళీ కనబడలేదు. పుస్తకము తెరచితిమి. భాగములన్నియు గాలిలో తేలుచున్నట్లు వరుసగా చూపు బొమ్మ చెదలు తిన్న పుటలలో పోయినది. బిగించుటను గూర్చిన ప్రకరణమా, ప్రతిచోట విప్పిన క్రమమునకు విలోమముగా బిగింపవలెనని చెప్పి ముగించును. ఇట్టి గ్రంథములు వ్రాయువారు అవి చదువువారికి మరపు లేదనుకొందురు కాబోలు.

వదినగారి యింటిలో దీపము ఇంకను వెలుగుచునే యున్నది. సున్నియుండలు కట్టుచుండిరి. పోయి చెప్పవలెను; చెప్పలేదు. రేకుముక్కను చొక్కా జేబులో వేసికొని యింటికి వచ్చితిమి. రాత్రియంతయు కన్ను మూసిన కొవ్వూరు వంతెనయే కనబడెను. 1974లో తెరువబడిన ఆ రోడ్డు రైలు వంతెన నాలుగు కిలోమీటర్లకు మించినది. నడుమ బండి యాగినచో, క్రింద గోదావరి, పైన మే నెల యెండ, వెనుక సీటులో గర్భిణి.

తెల్లవారుజామున ఐదుగంటలకు తలుపు తట్టిన చప్పుడైనది. ఎరువు తెచ్చిన పానాను తీసికొనిపోవుటకు తండ్రి పంపగా ఆ తొమ్మిదవ తరగతి బాలుడు వచ్చెను. మా పాఠమున ఎల్లప్పుడును కడపటి బల్లపై కూర్చుండి కిటికీలోనుండి చూచుచుండువాడు. ఏ బుద్ధి పుట్టినదో, మేము జేబులోని ముక్కను తీసి వానికి చూపి, “ఇదేమో నీకు తెలియునా?” అంటిమి.

“తెలీదండి. మా నాన్న షెడ్డుకు ఆటోలూ జీపులేనండి ఎక్కువ” అని, వాడు దానిని పారవేయక, వెలుతురులోనికి తీసికొనిపోయి అటునిటు త్రిప్పసాగెను. గోటితో గీచెను. వాసన చూచెను. తుదకు, “మాస్టారండీ, దీన్ని బాగా కడిగేశారా?” అని యడిగెను. లేదంటిమి. “అయితే మంచిదేనండి. ఇదంతా గోధుమరంగు పొర పట్టివుందండి. బయట వుండేదైతే దుమ్మో తుప్పో పట్టేది. ఇది వేడి నూనెలో వున్నదండి.”

మేము ఆ పొరను చూచియే యుంటిమి. అది మురికి యనుకొంటిమి.

“ఇంకా చూడండి. బొక్క చుట్టూ ఒకవైపే తెల్లగా చక్రం వుందండి. అక్కడ నట్టు కూర్చుంది. రెండోవైపు చక్రం లేదండి, నున్నగా వుంది. ఈ నాలుక చివర మాత్రం రాసుకున్నట్టుందండి.” ఇట్లు చెప్పి వాడు కొంతసేపు ఊరకుండెను. “ఇది బరువు మోసేది కాదండి. పల్చన. దేన్నో కదలకుండా కాపలా కాసేదండి.”

అప్పుడు మాకు సిగ్గును వెలుగును ఒక్కమారే కలిగినవి. మేము రాత్రియంతయు ఈ ముక్క యెక్కడ పట్టునని కారంతయు వెదకితిమే కాని, ముక్క తనను గూర్చి తాను చెప్పుచున్నదానిని చదువలేదు. వేడి నూనెలో నుండినది. నట్టు క్రింద నుండినది. మేము ఇంజను అడుగుభాగమును విప్పనే లేదు. విప్పినవానిలో వేడి నూనె చిందుచోటు, నట్లు ఉన్నచోటు ఒక్కటియే: హెడ్డుపైని మూత క్రింద, రాకర్ల వద్ద.

పరుగున పాకకు పోయితిమి. ఆ మూతకు నట్లు రెండే, క్షణములో వచ్చినది. లోపల రాకర్ షాఫ్టు అను బోలు కడ్డీ నాలుగు చిన్న స్తంభములపై పడుకొని యుండును. దానిమీద ఎనిమిది రాకర్లు ఏతపు మ్రానువలె ఊగుచు, ఒక కొనతో పుష్‌రాడ్ల త్రోపును గ్రహించి, రెండవ కొనతో వాల్వులను నొక్కును. బాలుడు టార్చి పట్టుకొనగా మేము ఒక్కొక్క స్తంభమును చూచుచు వెనుకకు పోయితిమి. వెనుకటి స్తంభము పైన, నట్టు ప్రక్కనే, చిన్న స్క్రూ తల యొకటి యున్నది. తక్కిన మూడింటికి అది లేదు. రేకు రంధ్రమును నట్టుకు సరిగా పైన పట్టి చూడగా, నాలుక పోయి ఆ స్క్రూమీద వాలెను.

ఆ స్క్రూ తల తన గూటినుండి కొంచెము పైకి వచ్చియుండెను. మేము విప్పినప్పుడు గాని బిగించినప్పుడు గాని దానిని తాకలేదు.

దీని పని యేమనగా, ఆ స్క్రూ స్తంభములోనుండి దిగి షాఫ్టులోని యొక రంధ్రమున నిలిచి, షాఫ్టును తిరుగకుండ పట్టుకొనును. షాఫ్టు బోలుగా నుండుట నూనె కొఱకు. ఇంజనునుండి నూనె యొక స్తంభముగుండ పైకి వచ్చి షాఫ్టులో ప్రవేశించి, సన్నని రంధ్రములనుండి ఒక్కొక్క రాకరుకు చేరును. షాఫ్టు తన చోట తాను తిరిగినచో ఆ రంధ్రములు ఒకదానికొకటి ఎదురుగా నుండవు. నూనె యుండియు రాకర్లకు అందదు. కాలువలో నీరుండియు తూము మూసికొనిన చేనివలె నగును. వెంటనే యేమియు కాదు. కొంతదూరము ఇంజను చక్కగనే పలుకును. పిదప రాకర్లు ఎండి, అరిగి, టకటకలాడ మొదలిడును. అంతకుముందు మేము చేసిన ప్రయాణ పరీక్ష యందు అది తెలియకపోవుటలో వింత లేదు. ఆ స్క్రూ ఇంజను అదురునకు వదులు కాకుండ దానిపై నాలుక మోపి కూర్చుండుటయే ఈ రేకు చేయు పని. మరి దేనికిని అది పనికిరాదు.

స్క్రూను క్రిందికి దింపి, ఆ యొక్క నట్టును తీసి, రేకును దొడిగి, పానాతో బిగువు కొలిచి బిగించి, వాల్వుల సందులను మరల మొదటినుండి చూచితిమి. తొమ్మిది లెక్కను బాలునికి చెప్పగా వాడు రెండవ వాల్వునకే పట్టుకొనెను. మూత మూసిన పిమ్మట పుస్తకములో హెడ్డు విప్పుటను గూర్చిన పుట తీసి చూచితిమి. వెనుకటి స్తంభపు నట్టు క్రింద ప్రత్యేకమైన రేకు కలదు, గమనింపవలెనని యొక వాక్యము స్పష్టముగా నున్నది. దాని క్రింద పెన్సిలుతో గీత యున్నది. ఆ గీత మేము గీచినదే.

(ఆ యేటి పరీక్షలో ఆ బాలునికి మా పాఠమున వచ్చినవి ముప్పదిరెండు మార్కులు. ఆ సంఖ్యను మేము మార్చలేదు. కాని ఆ ప్రశ్నపత్రమును మరల తీసి చదివి, అందులో చేతితో పట్టి చూచి చెప్పవలసిన ప్రశ్న యొక్కటియైన లేదని గ్రహించితిమి. మరుసటి సంవత్సరమునుండి ఏదైన నొక వస్తువును బల్లపై నుంచి, ఇదేమి పని చేసియుండునో వ్రాయుడని యడుగుట ప్రారంభించినది అందువలననే. ఆ ప్రశ్నను ద్వేషించిన శిష్యులు మమ్ము క్షమింతురు గాక.)

వదినగారు స్నానము చేసి సంచులు సర్దుకొని అరుగుమీదికి వచ్చిరి. మా చేతుల జిడ్డు చూచి, “పని నిన్ననే అయినదంటిరి గదా?” అనిరి. జరిగినదంతయు చెప్పితిమి. బాలుడు ప్రక్కన నిలిచియుండగా చెప్పుట కష్టమైనది, అయినను చెప్పితిమి. ఆమె అంతయు విని, “ఆ ముక్క దొరికినది రాత్రియా, ఉదయమా?” అని మాత్ర మడిగిరి.

“రాత్రియే, వదినగారూ.”

ఆమె ఏమియు కోపపడలేదు. “మీ అన్నగారైతే నన్ను లేపి చెప్పియుందురు” అని, లోపలికి పోయి ఆ పిల్లవానికి కాఫీయు రెండు సున్నియుండలును తెచ్చి యిచ్చిరి. వాడు పానాను భుజమున వేసికొని పోయెను. మాకు కాఫీ యిచ్చుటకు మరికొంత సేపు పట్టెను.

ఆరున్నరకు బయలుదేరితిమి. పాలకొల్లు, నిడదవోలు దాటి కొవ్వూరు చేరువరకు వదినగారు మాటలాడలేదు. నిడదవోలులో చెట్టు క్రింద బండి నాపి, మూత విప్పి చూతుమా యని మేమడుగగా, “మీకు చూడవలెనని యున్నచో చూడుడు” అనిరి. చూచితిమి. రేకు తన చోట తానుండెను, స్క్రూ కదలలేదు, రాకర్లన్నియు నూనెతో మెరయుచుండెను. ఆమెయు దిగి వచ్చి, మా భుజముమీదుగా వంగి, “ఇంతేనా?” అనిరి. ఇంతేనంటిమి.

తిరుగు ప్రయాణము సాయంకాలము. ఎండ తగ్గిన పిమ్మట అమ్మాయిని వెనుక సీటులో దిండ్లు వేసి కూర్చుండబెట్టి, వదినగారు ప్రక్కన కూర్చుండిరి. వంతెన నడుమకు వచ్చునప్పటికి బండి క్రిందినుండి గడగడయను గొప్ప ధ్వని బయలుదేరెను. మా చేతులు చక్రముపై బిగిసిపోయినవి. కాలు బ్రేకుమీదికి పోయినది. “ఏమి చప్పుడు అది, బాబాయి?” అని అమ్మాయి యడిగెను.

మేము నోరు విప్పులోపలనే వదినగారు, “రైలమ్మా. మన క్రింద పోవుచున్నది. ఇక్కడకు రాగానే మీ నాన్నగారు బండిని నెమ్మది చేసి నీకు చూపెడివారు, మరచితివా?” అనిరి. తరువాత, మావైపు తిరిగి, “కొంచెము నెమ్మదిగా పోనిండు, మరిదిగారూ. చూడనిండు” అనిరి.